ఒన్సెన్‌లో మొదటి స్నానం: చెప్పులు విప్పిన దగ్గర్నుంచి యుకాతా కట్టేదాకా

జపాన్‌కి టికెట్ కొన్నామని చెప్పేవాళ్ళు ముందు వీసా గురించి, తిండి గురించి అడుగుతారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తారు. "ఆ ఒన్సెన్ అనే వేడినీళ్ళ స్నానానికి నిజంగా ఒంటి మీద నూలుపోగు లేకుండానే వెళ్ళాలా?"

వెళ్ళాలి. మినహాయింపులు ఉన్నాయి, చెబుతాను. బట్టల్లేవన్న బెరుకు మాత్రం అయిదు నిమిషాల్లో పోతుంది. అక్కడ ఎవరి లోకంలో వాళ్ళుంటారు. పనులు వరస తప్పి చేస్తేనే తలలు మన వైపు తిరుగుతాయి.

మనకు స్నానం అన్న ఒక్క మాటలోనే ఒళ్ళు రుద్దుకోవడం, నీళ్ళలో ఉండటం రెండూ ఇమిడిపోయాయి. జపాన్‌లో వాటికి వేర్వేరు చోట్లు. రుద్దుకోవడం పీట మీద కూర్చుని, కుళాయి దగ్గర. నానడం తొట్టిలో. ఆ తొట్టిలోకి మురికి గానీ సబ్బు గానీ గుడ్డ గానీ పోకూడదు. కింద రాసిన వాటిలో సగం ఈ ఒక్క సంగతిలోంచి పుట్టినవే.

## 1. ఏ చోటికి వెళ్ళాలి?

ఒన్సెన్ అంటే నేలలోంచి ఊరే నీళ్ళు. 1948 నాటి జపాన్ చట్టం ప్రకారం ఆ నీళ్ళు ఊట దగ్గర కనీసం 25 డిగ్రీలు ఉండాలి, లేదా జాబితాలో ఉన్న 19 అంశాల్లో ఒక్కటైనా నిర్ణీత మోతాదులో ఉండాలి. సెంతో అంటే పేటలో ఉండే మామూలు స్నానశాల, చాలావరకు కాచిన కుళాయి నీళ్ళే. మర్యాదలు మాత్రం రెండు చోట్లా ఒకటే. అందుకని టోక్యోలో ఉన్న రోజుల్లో ఓ సాయంత్రం దగ్గర్లోని సెంతోకి వెళ్ళి రిహార్సల్ వేసుకోమని చెబుతాను. ఖర్చు తక్కువ, ఏదైనా తప్పు జరిగినా మళ్ళీ ఆ ముఖాలు చూడక్కర్లేదు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఉన్న దారులు ఇవీ:

- పగటి స్నానం (హిగాయెరి): రుసుము కట్టి, స్నానం చేసి, వచ్చేయడం. ఊరి స్నానశాలల్లో కొన్ని వందల యెన్‌లు, పెద్ద చోట్ల వెయ్యి దాటుతుంది.
- రియోకాన్‌లో బస: సంప్రదాయ సత్రం లాంటి హోటల్. ఎన్నిసార్లయినా స్నానం చేయొచ్చు. బిల్లులో స్నానపు పన్ను అని విడిగా కనిపిస్తే కంగారు పడకండి, చాలా ఊళ్ళలో మనిషికి రోజుకు 150 యెన్‌లు.
- కశికిరి: తొట్టి మొత్తం మీ కుటుంబానికే, సాధారణంగా ముప్పావుగంట, గంట. భార్యాభర్తలు, చిన్నపిల్లలున్నవాళ్ళు, బాగా మొహమాటస్తులు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది.
- అషియు: పాదాలు ముంచుకునే తొట్టి. బట్టలు విప్పే పని లేదు. ఒన్సెన్ ఊళ్ళలో వీధి పక్కనే ఉంటుంది, చాలాచోట్ల ఉచితం.
- ఈత బట్టలతో: హకొనేలో యునెస్సన్ అనే చోట ఈత బట్టలతోనే దిగే విభాగం ఉంది. సరదాగా ఉంటుంది కానీ వాటర్ పార్కు సరదా అది.

ఊరి సంగతికొస్తే, టోక్యో నుంచి వెళ్ళేవాళ్ళకు హకొనే సులువు. షింజుకులో రొమాన్స్‌కార్ రైలెక్కితే సుమారు గంటన్నరలో హకొనే-యుమొతో. ఒసాకా, క్యోతో వైపు ఉంటే కినొసాకి. అక్కడ బస చేసినవాళ్ళు యుకాతా (ఒంటికి చుట్టి నడుముకు పట్టీ కట్టుకునే వదులైన నూలు అంగీ), చెక్క చెప్పులు వేసుకుని ఒక స్నానశాల నుంచి ఇంకో దానికి వీధుల్లో టకటకా నడుస్తూ తిరుగుతారు. కుసాత్సు పేరు చాలామంది చెబుతారు. గొప్ప ఊరే, కానీ అక్కడి నీళ్ళు బాగా ఆమ్లంగా ఉంటాయి, ఊరి స్నానశాలల్లో కొన్ని చెయ్యి పెట్టగానే వెనక్కి తీసుకునేంత వేడి. దాన్ని రెండో ప్రయాణానికి ఉంచుకోండి.

వేళ కూడా ముఖ్యమే. మామూలు రోజున మధ్యాహ్నం మూడు నుంచి అయిదు మధ్య తొట్లు దాదాపు ఖాళీగా ఉంటాయి. శనివారం రాత్రి భోజనాల తర్వాత వెళ్తే కడుక్కునే పీట కోసం ఎదురుచూడాలి.

## 2. ఒళ్ళు సహకరిస్తుందా?

తొట్టి నీళ్ళు మామూలుగా 40 నుంచి 42 డిగ్రీలు. జ్వరం 104 వచ్చిన మనిషి ఒంటి వేడి 40 అని గుర్తు తెచ్చుకుంటే, ఆ నీళ్ళలో గుండె ఎంత పని చేస్తుందో అర్థమవుతుంది.

ఇలా ఉంటే ఆ రోజుకు మానేయండి:

- జ్వరం, వాంతులు, విరేచనాలు
- మానని పుండు, కొత్త కుట్లు, అంటుకునే చర్మవ్యాధి
- మందు తాగి ఉన్నప్పుడు (ఒక్క బీరే కదా అనుకోవద్దు)
- నెలసరి రోజులు. గదిలో షవర్ ఉంటుంది, అది చాలు

గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు బయల్దేరేముందే డాక్టర్ని అడగాలి. బీపీ ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు 42 డిగ్రీలు, ఆ పైన ఉన్న తొట్టి జోలికి పోకూడదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు నీళ్ళలోంచి లేవగానే కళ్ళు తిరగొచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు వేడికి అది తొందరగా ఒంటికి పట్టి, షుగర్ పడిపోయే ప్రమాదముంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు వేడిని కాలితో కాకుండా మోచేత్తో చూసుకోవాలి.

నిండు కడుపుతో వద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. తిన్నాక గంట ఆగండి. వెళ్ళేముందు ఓ గ్లాసు నీళ్ళు తాగండి. రియోకాన్ గదిలోకి వెళ్ళగానే టేబుల్ మీద గ్రీన్ టీ, చిన్న మిఠాయి పెట్టి ఉంటాయి. స్నానానికి ముందు తీసుకుంటే ఆ రెండూ బాగా పనికొస్తాయి.

## 3. పచ్చబొట్టు, గోరింటాకు, నగలు

పచ్చబొట్టు ఉన్నవాళ్ళను చాలాచోట్ల ఇప్పటికీ రానివ్వరు. అక్కడ దాన్ని చూడగానే ముఠాలు గుర్తుకొస్తాయి. మీ చేతి మీద ఉన్నది అమ్మ పేరా, ఆంజనేయస్వామా అన్నది వాళ్ళకు తెలియదు, అడగరు కూడా. మూడు మార్గాలున్నాయి. చిన్నదైతే చర్మం రంగు స్టిక్కరు అతికించుకోవడం (కొన్ని చోట్ల కౌంటర్‌లోనే అమ్ముతారు, కొన్ని చోట్ల అదీ ఒప్పుకోరు). కశికిరి తీసుకోవడం. లేదా అభ్యంతరం పెట్టని చోటికి వెళ్ళడం. కినొసాకిలోని ఊరి స్నానశాలల్లో పచ్చబొట్టుకు అడ్డు చెప్పరు.

గోరింటాకు సంగతి మనవాళ్ళకు తట్టదు. పెళ్ళయిన వారానికే హనీమూన్‌కి వెళ్ళే అమ్మాయిలకు మోచేతుల దాకా మెహందీ ఉంటుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్ళకు అది పచ్చబొట్టులాగే కనిపిస్తుంది. బుక్ చేసేటప్పుడే "హెన్నా, రెండు వారాల్లో పోతుంది" అని రాసి, ఫోటో పంపి అడగండి. లేకపోతే కశికిరి మేలు.

ఇక నగలు. గంధకం ఉన్న నీళ్ళలో వెండి నల్లబడుతుంది. మెట్టెలు, పట్టీలు, వెండి మొలతాడు, ఏదైనా సరే. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. మొదటిసారి కోడిగుడ్డు వాసన వేసే నీళ్ళలో పావుగంట కూర్చుని వచ్చి అద్దంలో చూసుకుంటే, మా అమ్మమ్మ చేయించిన వెండి మొలతాడు బొగ్గుగీత గీసినట్టుంది. ఇంటికొచ్చాక గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా వేసి, మరిగే నీళ్ళు పోసి అందులో వేశాను. చాలావరకు తెల్లబడింది, లింకుల సందుల్లో నలుపు మాత్రం ఉండిపోయింది.

మేలిమి బంగారానికి ఏమీ కాదు. మన నగలు 22 క్యారెట్లు, అందులో రాగో వెండో కలుస్తుంది కాబట్టి మెరుపు తగ్గొచ్చు. మా ఆవిడ పుస్తెలతాడు తీయనంటే, గంధకం లేని ఊట చూసుకుని వెళ్ళాం. జంధ్యం, తాయెత్తు, నల్లదారం లాంటివి ఒంటి మీద ఉన్నా నన్నెప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. జంధ్యాన్ని మాత్రం సబ్బుతో బాగా ఉతికి, మెడ చుట్టూ మాలలా వేసుకుంటే నీళ్ళలో తేలకుండా ఉంటుంది.

## 4. సంచి సర్దుకోవడం

- చిన్న తువ్వాలు ఒకటి (మన చేతిరుమాలుకు పెద్దది, కండువాకు చిన్నది)
- ఒళ్ళు తుడుచుకునే పెద్ద తువ్వాలు
- జుట్టు ముడేసుకోవడానికి రబ్బరు బ్యాండ్లు
- మార్చుకునే లోదుస్తులు
- వంద యెన్‌ల నాణేలు నాలుగైదు, కొంత నగదు
- మంచినీళ్ళ సీసా
- తడిగుడ్డలకు ప్లాస్టిక్ కవరు

తువ్వాళ్ళు రియోకాన్‌లో ఇస్తారు, పగటి స్నానానికైతే అద్దెకు దొరుకుతాయి లేదా కొనుక్కోవాలి. సబ్బు, షాంపూ చాలాచోట్ల ఉంటాయి, కానీ ఊరి చిన్న స్నానశాలల్లో ఉండకపోవచ్చు.

తీసుకెళ్ళకూడనివి: సున్నిపిండి (తూములో అడ్డం పడుతుంది), గాజుసీసాలో కొబ్బరినూనె, ఉతుక్కోవాల్సిన బట్టలు. పనిలో పనిగా బనీను పిండేసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ ఆ పని చేయొద్దు.

## 5. గుమ్మం నుంచి బట్టల గది దాకా

చెప్పులు. గుమ్మంలో నేల ఒక మెట్టు పైకి లేస్తుంది. ఆ మెట్టు కిందే చెప్పులు విప్పి, చెప్పులు పెట్టిన నేల మీద మేజోళ్ళతో అడుగు వేయకుండా నేరుగా పైకెక్కాలి. చెప్పుల లాకరుకు వంద యెన్‌ల నాణెం అడిగితే, చాలాచోట్ల తాళం తీసినప్పుడు అది తిరిగి వస్తుంది. తీసుకోవడం మరచిపోకండి.

టికెట్. కొన్ని చోట్ల కౌంటర్, కొన్ని చోట్ల మీటలున్న యంత్రం. యంత్రం దగ్గర తెలియకపోతే లోపల ఉన్నవాళ్ళకు వేళ్ళతో ఎంతమందో చూపించండి, వచ్చి నొక్కి పెడతారు.

పరదా. మగవాళ్ళ గది, ఆడవాళ్ళ గది ముందు నోరెన్ అనే గుడ్డ పరదాలు వేలాడతాయి. మామూలుగా నీలం మగవాళ్ళది, ఎరుపు ఆడవాళ్ళది. రంగును మాత్రమే నమ్ముకోవద్దు, అక్షరాన్ని గుర్తుపట్టండి. మగవాళ్ళ అక్షరానికి పైన నాలుగు గడుల కిటికీ ఉంటుంది. ఆడవాళ్ళ అక్షరం కాలు మీద కాలు మెలేసుకుని కూర్చున్న మనిషిలా ఉంటుంది, కిటికీ ఉండదు. ఈ రెండూ ఫోన్‌లో ఫోటో తీసుకుని ఉంచుకోండి.

ఫోన్. పరదా దాటాక దాన్ని బయటికి తీయకండి. టైమ్ చూసుకోవడానికి కూడా వద్దు. మీరు ఏం చేస్తున్నారో పక్కవాళ్ళకు తెలియదు కదా.

బట్టలు. లోపల బుట్టలు గానీ లాకర్లు గానీ ఉంటాయి. అన్నీ విప్పేసి అందులో పెట్టి, తాళం ఉంటే దాని రబ్బరు పట్టీని చేతికో కాలికో తగిలించుకోండి. బుట్టలే ఉన్న చోటికి పర్సు, పాస్‌పోర్టు తేవద్దు. బదరీనాథ్ తప్తకుండంలోలాగా బట్టలతో దిగడం కుదరదు, లుంగీ, తువ్వాలు చుట్టుకుని కూడా కుదరదు. చిన్న తువ్వాలు ముందు అడ్డం పట్టుకుని నడవడం మాత్రం అక్కడివాళ్ళూ చేసేదే.

కళ్ళజోడు సంగతి: అది లేకుండా అడుగు వేయలేనివాళ్ళు పాతది పెట్టుకుని వెళ్ళండి. వేడికి, గంధకానికి అద్దాల పై పూత పాడవుతుంది.

## 6. ఒళ్ళు కడుక్కోవడం (తొందరపడకూడనిది ఇక్కడే)

తలుపు జరిపితే ఆవిరి ముఖాన కొడుతుంది. నేల జారుతుంది, పరుగు వద్దు. లోపల గోడ వెంబడి వరసగా చిన్న అద్దాలు, వాటి కింద కుళాయిలు, ఒక్కోదాని ముందు ఓ పొట్టి పీట, ఓ చిన్న గిన్నె.

ఇది చూడగానే నాకు మా ఊరి పెరడు గుర్తొచ్చింది. పీట మీద కూర్చుని, కాగులోంచి చెంబుతో ముంచి పోసుకున్న తరం వాళ్ళకు ఇందులో కొత్త ఏమీ లేదు. ఇబ్బందంతా షవర్ కింద నిలబడి పెరిగిన మాబోటివాళ్ళకే. మొదటిసారి నేను అలవాటుగా లేచి నిలబడి షవర్ తిప్పాను. నా సబ్బు నురగంతా పక్కన కూర్చున్న పెద్దాయన వీపు మీద పడింది. ఆయన ఒక్క మాట అనలేదు. తన చేత్తో నా పీటను నా వైపు రెండంగుళాలు జరిపి, మళ్ళీ తల రుద్దుకోవడంలో పడ్డాడు. అంతకంటే గట్టిగా తిట్టించుకున్న గుర్తు నాకు లేదు.

వరస ఇదీ:

1. పీట మీద ముందు కాసిని నీళ్ళు పోసి, కూర్చోండి. చివరిదాకా కూర్చునే ఉండండి.
2. గిన్నెలో నీళ్ళు పట్టి, వేడి చూసుకోండి. కొన్ని కుళాయిలకు డిగ్రీల అంకెలున్న మర ఉంటుంది, 40 దగ్గర పెట్టుకుంటే సరి. నొక్కితే కొన్ని క్షణాలు పారి ఆగిపోయే మీటలూ ఉంటాయి. అది చెడిపోలేదు, మళ్ళీ నొక్కాలి.
3. ముందు తల. కొబ్బరినూనె పెట్టుకునేవాళ్ళు రెండుసార్లు రుద్దండి, లేకపోతే తొట్టిలో నూనె తెట్టు కడుతుంది. సీసాల మీద రాసింది అర్థం కాకపోతే పక్కల తడిమి చూడండి. చాలా సీసాల్లో షాంపూకి పక్కన గరుకు గీతలుంటాయి, ఒంటి సబ్బుకు ఒకే నిలువు గీత ఉంటుంది, కండిషనర్ నున్నగా ఉంటుంది.
4. తర్వాత చిన్న తువ్వాలుకు సబ్బు పట్టించి ఒళ్ళంతా. చంకలు, కాలివేళ్ళ సందులు, చెవుల వెనక, ఏదీ వదలొద్దు. అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది.
5. నురగ ఒక్క చుక్క లేకుండా కడుక్కోండి. జుట్టు పొడవుంటే పైకి కొప్పు వేయండి, కొసలు నీళ్ళలో పడకూడదు.
6. తువ్వాలును పిండండి. పీటను, గిన్నెను కడిగి, గిన్నెను బోర్లించి, ఎలా ఉందో అలా సర్దండి.

పీట దగ్గర గడ్డం గీసుకోవచ్చు, పళ్ళు తోముకోవచ్చు. జుట్టుకు రంగు వేసుకోకూడదు. గొంతులోంచి గట్టిగా ఖాకరించి ఉమ్మడం అనే మన ఉదయపు కచేరీ అక్కడ అస్సలు కుదరదు.

## 7. తొట్టిలో దిగడం

తొట్టి పక్కన గిన్నె ఉంటే నీళ్ళు ముంచి పోసుకోండి. దీన్ని కకెయు అంటారు. ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, నడుము, చేతులు, చివరికి భుజాలు. కడుక్కున్నాం కదా మళ్ళీ ఎందుకు అనుకోవద్దు. ఒంటికి వేడి అలవాటు చేయడానికి ఇది.

రెండు మూడు తొట్లుంటే తక్కువ వేడి ఉన్నదాంతో మొదలుపెట్టండి. చాలాచోట్ల తొట్టి పక్కన డిగ్రీల అంకె రాసి ఉంటుంది. నెమ్మదిగా, శబ్దం లేకుండా దిగి, ముందు నడుము దాకానే మెట్టు మీద కూర్చోండి. ఒక నిమిషం చురుక్కుమంటుంది. కదలకుండా ఉంటే తగ్గుతుంది, కదిలితే మళ్ళీ కాలుతుంది. తర్వాత భుజాల దాకా దిగండి.

చిన్న తువ్వాలు నీళ్ళకు తగలకూడదు. మడతపెట్టి నెత్తిన పెట్టుకోండి, లేదా గట్టు మీద పెట్టండి. నీళ్ళలో పడిపోతే తీసి, తొట్టి బయట పిండండి.

మొదటిసారి మూడు నుంచి అయిదు నిమిషాలు చాలు. నుదుట చెమట పట్టిందంటే లేవాల్సిన వేళ. గట్టు మీద కూర్చుని చల్లబడి, కావాలంటే మళ్ళీ దిగండి. ఇలా రెండు మూడు విడతలు, నీళ్ళలో ఉన్న సమయమంతా కలిపి పావుగంటకు మించకుండా. డబ్బు కట్టాం కదా అని గంట కూర్చునేది కాదు ఇది.

ఈత కొట్టడం, మునకలేయడం, ముఖం ముంచడం ఉండవు. మెల్లగా మాట్లాడుకోవచ్చు. ఆరుబయట తొట్టిని రొతెంబురో అంటారు. చలికాలంలో ఒళ్ళు వేడినీళ్ళలో, తల మంచుగాలిలో ఉండటం వల్ల తల తిరగడం తక్కువ, అందుకే అక్కడ ఇంకాస్త సేపు కూర్చోగలుగుతాం.

గోడకు ఓ కాగితం తగిలించి ఉంటుంది, అంకెల పట్టికతో. ఊట నీళ్ళ పరీక్ష ఫలితం అది, పెట్టి తీరాలని చట్టం. అందులో పీహెచ్ అంకె ఒక్కటి వెతకండి. 3 కంటే తక్కువైతే ఆమ్లం, గీతలు పడ్డ చర్మం మండుతుంది. 8.5 దాటితే క్షారం, ఒళ్ళు కుంకుడు రసం పూసినట్టు జారుతుంది. సబ్బు మిగిలిపోయిందేమో అని మళ్ళీ మళ్ళీ కడుక్కోకండి, అది నీళ్ళ గుణమే.

## 8. బయటికి రావడం

లేచేటప్పుడు గట్టు పట్టుకుని, ముందు గట్టు మీద కూర్చుని, అర నిమిషం ఆగి నిలబడండి. కిందపడేవాళ్ళలో చాలామంది పడేది ఇక్కడే.

సాధారణ నీళ్ళయితే మళ్ళీ కడుక్కోకుండా వదిలేస్తే మంచిదని అక్కడివాళ్ళు అంటారు. ఆమ్లం, గంధకం నీళ్ళయితే, మీ చర్మం సున్నితమైతే, మంచినీళ్ళతో కడిగేసుకోండి.

బట్టల గదిలోకి అడుగుపెట్టకముందే పిండిన చిన్న తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకోవాలి. ఆ గదిలో చాపలుంటాయి, వాటి మీద నీళ్ళు కార్చుకుంటూ వెళ్తే అందరి కాళ్ళూ తడుస్తాయి. పెద్ద తువ్వాలు పని ఆ తర్వాత.

ఆపైన ఓ పెద్ద గ్లాసు నీళ్ళు, అరగంట విశ్రాంతి. బయట హాల్లో గాజుసీసాల్లో చల్లటి పాలు, కాఫీ పాలు అమ్ముతారు. కాఫీ పాలు మన ఫిల్టర్ కాఫీకి ఏ చుట్టమూ కాదు, కానీ ఆ సమయంలో తాగితే చాలా బాగుంటుంది.

## 9. ఏదైనా తేడా వస్తే

కళ్ళు తిరిగితే, వాంతి వచ్చినట్టుంటే: వెంటనే లేవొద్దు. గట్టు మీదికి జరిగి కూర్చోండి, తర్వాత బయటికొచ్చి పడుకుని కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టండి, నీళ్ళు తాగండి. ఆ రోజుకు మళ్ళీ తొట్టి వద్దు.

పక్కవాళ్ళు స్పృహ తప్పితే: ముందు ముఖం నీళ్ళ పైన ఉండేలా పట్టుకుని "సుమిమాసేన్" (మన "ఏమండీ" లాంటి మాట) అని గట్టిగా కేకేయండి. అంబులెన్స్ నంబరు 119.

కడుక్కోకుండా తొట్టిలో దిగేస్తే: గుర్తొచ్చిన వెంటనే లేచి, చిన్నగా తల వంచి, పీట దగ్గరికి వెళ్ళండి. క్షమాపణల ప్రసంగం అక్కర్లేదు.

ఎవరైనా జపనీస్‌లో ఏదో చెబుతుంటే: నూటికి తొంభైసార్లు తువ్వాలు గురించో జుట్టు గురించో అయి ఉంటుంది. రెండూ చూసుకోండి.

దద్దుర్లు, మంట: మంచినీళ్ళతో కడిగి, మరుసటి రోజు మానేయండి. రోజుకు నాలుగైదుసార్లు దిగితే మూడోరోజుకు నీరసం, తలనొప్పి రావడం మామూలే. మొదటి రెండు రోజులు రోజుకు రెండుసార్లు మించొద్దు.

## 10. పిల్లలతో, పెద్దవాళ్ళతో

డైపర్ వయసు పిల్లలను చాలాచోట్ల పెద్ద తొట్టిలోకి రానివ్వరు. డైపర్‌తో దించడం మరీ కుదరదు. అమ్మతో కొడుకు, నాన్నతో కూతురు వెళ్ళే వయసు టోక్యోలో 2022 నుంచి ఆరేళ్ళ వరకే, ఏడు నిండితే ఎవరి వైపు వాళ్ళు. మిగతా ప్రాంతాల్లో కూడా అదే లెక్క అనుకుని వెళ్తే గొడవ ఉండదు.

మా అమ్మానాన్నలను తీసుకెళ్ళినప్పుడు నేను పెట్టుకున్న టెన్షనంతా వృథా అయింది. నాన్న నా కంటే ముందు సిద్ధమై, "చెరువులో దిగి ఈదినవాళ్ళం రా, మాకు సిగ్గేంటి" అన్నాడు. ఆయన బీపీ మాత్ర వేసుకుంటాడు కాబట్టి 40 డిగ్రీల తొట్టిలోనే, నాలుగు నిమిషాలు, నేను పక్కనే. అమ్మ మాత్రం ససేమిరా అంది. ఆవిడకూ మా ఆవిడకూ కలిపి కశికిరి తీసుకుంటే, అత్తాకోడళ్ళు గంట పూర్తయ్యాక గానీ బయటికి రాలేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ముందే అడగాల్సినవి రెండు: తొట్టిలో దిగడానికి పట్టుకునే కమ్మీ ఉందా, గది నుంచి స్నానశాలకు మెట్లెన్ని?

## 11. రియోకాన్‌లో రాత్రి ఉంటే

మధ్యాహ్నం మూడింటికి గది ఇస్తారు, భోజనం ఆరు, ఏడుకే. కాబట్టి నాలుగింటికి ఒక స్నానం, పడుకునేముందు ఒకటి. శాకాహారులు ఆ సంగతి బుక్ చేసేటప్పుడే చెప్పాలి. చేపతో కాచిన దాషి అనే చారు కూరల్లోకి కూడా పోతుంది కాబట్టి "చేప చారు కూడా వద్దు" అని విడిగా రాయండి. గదిలోకి వెళ్ళాక చెబితే వాళ్ళకు చేయగలిగింది తక్కువ.

గదిలో మడతపెట్టిన యుకాతా ఉంటుంది. పగలు, రాత్రి, భోజనానికి, స్నానానికి అదే వేసుకుని తిరగొచ్చు. లోపల లోదుస్తులు వేసుకోండి. కట్టేటప్పుడు మీ కుడి అంచు ముందు ఒంటికి చుట్టి, దాని మీదికి ఎడమ అంచు రావాలి. ఆడా మగా తేడా లేదు. తిరగేసి కడితే శవానికి కట్టినట్టు, అది వాళ్ళకు గుండె కలుక్కుమనే దృశ్యం. నడుం పట్టీ ఆడవాళ్ళకు నడుము దగ్గర, మగవాళ్ళకు ఇంకాస్త కిందికి. పొడవు చాలకపోతే పెద్ద సైజు అడగండి, ఉంటుంది.

పొద్దున్న లేవగానే, ఉదయం భోజనానికి ముందు, ఇంకో స్నానం తప్పకుండా చేయండి. రొతెంబురోలో మీరొక్కరే ఉండే అవకాశం అప్పుడే ఎక్కువ. ఒక్క జాగ్రత్త. రెండు వైపుల తొట్లూ అందరికీ దక్కాలని చాలా రియోకాన్‌లలో రాత్రికి రాత్రి పరదాలు మార్చేస్తారు. నిన్న సాయంత్రం మీరు వెళ్ళిన తలుపు ఈ పొద్దున ఆడవాళ్ళది అయి ఉండొచ్చు. నిద్రకళ్ళతో అలవాటైన దారిన నేను పరదా దాకా వెళ్ళి, చెయ్యి ఎత్తాక ఆగాను. ఎదురుగా ఉన్న అక్షరానికి కిటికీ లేదు.